బాతు డిజైన్ సైకిల్: ఆన్‌లైన్‌లో కనబడే వింత సైకిళ్లను గుర్తుపట్టి, కొని, రోడ్డెక్కించే విధానం

“ఓల్డ్ సైకిల్. డక్ డిజైన్. నడిచే కండిషన్‌లో లేదు.”

రాత్రి పదకొండింటికి ఫోన్‌లో పాత సామాన్ల ప్రకటనలు తిరగేస్తుంటే, బళ్ళారి నుంచి ఎవరో పెట్టిన ఈ మూడు ముక్కలు కనబడ్డాయి. ఫోటోలు రెండే. ఒకదాంట్లో సైకిల్ పశువుల పాక గోడకు ఆనించి ఉంది. రెండోది చైన్ చక్రాన్ని దగ్గర నుంచి తీసింది, అదీ మసక మసగ్గా. చక్రం లోపల మూడు పక్షి తలలు కోసి ఉన్నాయి. అవి బాతులు కావు, కొంగలు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1880లలో మొదలైన రాలీ కంపెనీ గుర్తు అది. అమ్మేవాడికి ఆ సంగతి తెలియదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అనంతపురంలో ఉంటూ ఇలాంటివి వెతకడం నాకు పదేళ్ల జబ్బు. ఈ పదేళ్లలో మంచి సరుకు కొన్నిసార్లు దొరికింది, అంతకంటే ఎక్కువసార్లు చెత్త కొన్నాను. కర్నూలు, కడప, అనంతపురం లాంటి ఊళ్లలో ఉండి వింత సైకిల్ ఏదైనా కొనాలనుకునేవాళ్ల కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. బెంగళూరులో ఉండేవాళ్లకు పెద్ద షాపులున్నాయి, తేడా వస్తే మార్చుకుంటారు. మనకు ఉండేది పాతూరు సందులో ఒక సైకిల్ షాపు, అందులో ఒక మేస్త్రీ. కొనేముందు ఆలోచించాల్సింది ఆయన గురించే. ఆయన చేతికి లొంగని సైకిల్ ఎంత అందంగా ఉన్నా మన ఇంట్లో గోడకు వేలాడాల్సిందే.

మొదటి మెట్టు: ఎలా వెతకాలి

“వింటేజ్”, “యాంటిక్” అని రాసిన ప్రకటనలను నేను తెరవను. ఆ మాట తెలిసినవాడికి రేటు కూడా తెలుసు. “తాత సైకిల్”, “మిలిటరీ సైకిల్”, “పాత గేర్ సైకిల్”, “డైనమో సైకిల్”, “ఇనుము రేటుకు” అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూడండి. పేర్లను తప్పు స్పెల్లింగుతో కూడా వెతకాలి. రాలీ స్పెల్లింగు సరిగ్గా రాసిన అమ్మకందారుణ్ణి నేను ఇద్దరినో ముగ్గురినో చూశాను. చివర్లో ఇ, ఐ తారుమారు చేస్తారు, లేదంటే ఎన్నికల ర్యాలీ స్పెల్లింగే రాసేస్తారు. ఆ ర్యాలీ అని కొడితేనే నాకు రెండు సైకిళ్లు దొరికాయి.

ఊరి పేరు అనంతపురం అని పెడితే పిల్లల సైకిళ్లే వస్తాయి. బళ్ళారి వంద కిలోమీటర్లు, బెంగళూరు రెండు వందల పైచిలుకు. ఆ రెండూ కలపండి. గుంతకల్లు లాంటి రైల్వే ఊళ్లను మరిచిపోవద్దు. రిటైరైన రైల్వే ఉద్యోగుల ఇళ్లలో సైకిళ్లు పదిలంగా ఉంటాయని నా నమ్మకం.

మన దేశపు పాత సైకిళ్లనూ తక్కువగా చూడకండి. అసన్‌సోల్‌లో తయారైన సేన్ రాలీ, మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ చేసిన హెర్క్యులిస్, సోనీపత్ అట్లాస్, లూధియానా హీరో, ఏవన్ అన్నీ గట్టి సరుకే. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.

రెండో మెట్టు: చూసేవి వేరు, కొనేవి వేరు

ఆన్‌లైన్‌లో వింతలకు కొదవ లేదు. ప్రతి వింతకూ ఒక కథ ఉంటుంది. ఆ కథ తెలుసుకుంటే సగం కోరిక అక్కడే చల్లారుతుంది.

ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉన్న పెన్నీ ఫార్దింగ్ నకళ్లు మన దేశంలోనే తయారై అమ్మకానికి వస్తుంటాయి. 1870లలో చక్రం అంత పెద్దగా ఎందుకు చేశారంటే, అప్పటికి దానికి చైను లేదు. పెడల్ నేరుగా ముందు చక్రానికే ఉండేది కాబట్టి, ఒక తిప్పుకు ఎక్కువ దూరం పోవాలంటే చక్రం పెద్దదై తీరాలి. రాయి తగిలితే తొక్కేవాడు తలకిందులుగా ముందుకు పడేవాడు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రెండు సమాన చక్రాలు, వెనక్కి చైను పెట్టి రోవర్ సేఫ్టీ సైకిల్ తెచ్చాక దాని పని అయిపోయింది. హోటల్ ముందు పెట్టుకోవడానికైతే కొనండి. మన స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రం ప్రయోగం చేయకండి.

పెడర్సన్ సైకిల్ చూస్తే మాత్రం నాకు ఇప్పటికీ మనసు లాగుతుంది. డెన్మార్క్ నుంచి ఇంగ్లండుకు వెళ్లిన మికాయెల్ పెడర్సన్ 1890లలో చేశాడు. సన్నటి గొట్టాలతో అన్నీ త్రిభుజాలే, సీటేమో ఉయ్యాలలా వేలాడుతుంది. ఇప్పటికీ దాని నకళ్లు చేసేవాళ్లున్నారు. దిగుమతి చేసుకుంటే కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలిసి సైకిల్ ధరను మింగేస్తాయి. నేను బొమ్మ చూసి తృప్తిపడ్డాను.

చైను లేని షాఫ్ట్ సైకిల్ మరో ఆకర్షణ. చైను బదులు ఒక కడ్డీ, రెండు చివర్లా పళ్ల చక్రాలు. ప్యాంటుకు గ్రీజు అంటదు, నిజమే. ఇది కొత్తదేమీ కాదు, 1890లలోనే అమెరికాలో, ఫ్రాన్సులో అమ్మారు. నిలవలేకపోయింది. పళ్ల రాపిడికి మన కాలి బలంలో కొంత పోతుంది, వెనక చక్రం విప్పడం పెద్ద పని. పాతూరు మేస్త్రీకి దాన్ని చూపిస్తే ఆయన ముందు టీ తాగి వస్తానంటాడు.

బెల్టు సైకిల్ దీనికంటే నయం. కానీ బెల్టుకు చైనులా లింకు విప్పడం ఉండదు. వెనక చట్రంలో ఒక చోట కోత, బోల్టు ఉంటేనే బెల్టు లోపలికి వెళ్తుంది. మామూలు ఫ్రేముకు బెల్టు కిట్ అంటూ ఎవరైనా అమ్మితే ఈ ఒక్క ప్రశ్న అడగండి, అమ్మేవాడే తప్పుకుంటాడు.

కోడిగుడ్డు ఆకారంలో ఉన్న పాత చైన్ చక్రాలు కనబడతాయి. షిమానో 1983లో బయోపేస్ పేరుతో తెచ్చింది. పాతది, అరిగింది అనుకుని కొందరు ఇనుముకు వేసేస్తారు. కానీ అది పుట్టుకతోనే ఆ ఆకారం. తక్కువ ధరకు వస్తే తీసుకోండి, ప్రమాదమేమీ లేదు. చైను బిగువు మాత్రం తిరిగేకొద్దీ మారుతుంటుంది కాబట్టి గేరు లేని సైకిల్‌కు పెట్టేటప్పుడు జాగ్రత్త.

గాలి లేని టైర్లు. మన ఊరి ముళ్ళు చూసినవాడికి ఈ ప్రకటన దైవవాక్కులా వినబడుతుంది. కొన్నాను. పంచరు కాలేదు, ఒప్పుకుంటాను. పది కిలోమీటర్లకు నడుము పట్టేసింది. గాలి చేసే పని టైరు చేయలేదు. కుదుపంతా స్పోకులకు, రిమ్ముకు, చివరికి మన వెన్నుకు వస్తుంది. తొక్కడం కూడా బరువే. రిమ్ముకు ఎక్కించడానికి మేస్త్రీకి రెండు గంటలు పట్టింది, తీయడానికి కోయాల్సి వచ్చింది.

ఇక మోటారు కిట్లు. వెయ్యి వాట్ల కిట్ సైకిల్‌కు బిగించుకోమని అమ్ముతారు. మన దేశ నిబంధనల ప్రకారం మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది దాటితే మోటారు వాహనం కిందే లెక్క. అంతకంటే ముఖ్యం, తీగ బదులు ఇనుప కడ్డీలతో పట్టే కమ్మీ బ్రేకుల పాత సైకిల్‌కు మోటారు పెడితే ఆపేదెవరు?

నా కొలత ఒక్కటే. ఆ సైకిల్‌కు టైరు, ట్యూబు, స్పోకు, బేరింగు గోలీలు మన ఊరి షాపులో దొరకాలి. మిగతాది ఎంత వింతగా ఉన్నా పర్వాలేదు. బళ్ళారి సైకిల్ ఈ కొలతకు సరిపోతుందో లేదో తెలియాలంటే ఫోటోలు కావాలి.

మూడో మెట్టు: ఫోటోలు అడగడం, చదవడం

“కండిషన్ ఎట్లుంది?” అని అడిగితే “సూపర్” అనే జవాబు వస్తుంది. అడగాల్సింది ఫోటోలు. మర్యాదగా, ఒక్కొక్కటిగా అడగండి. ఒకేసారి పది అడిగితే అమ్మేవాడు విసుక్కుని ఫోన్ ఎత్తడు.

మొదటిది హ్యాండిల్ కింద, ముందు గొట్టం వెనక భాగం. పై కమ్మీ, కింది కమ్మీ అక్కడ కలుస్తాయి. కింది కమ్మీ అడుగున పెయింటు ముడతలు పడి ఉంటే లేదా చెయ్యి పెట్టి రుద్దితే ఉబ్బు తగిలితే, ఆ సైకిల్ ఎక్కడో గట్టిగా గుద్దుకుంది. ఇంకేమీ చూడక్కర్లేదు, వదిలేయండి.

రెండోది పక్క నుంచి మొత్తం సైకిల్. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వంపు సహజంగా ముందుకు ఉండాలి. వెనక్కి నెట్టినట్టుంటే అదీ గుద్దుకున్నదే.

మూడోది టైరు పక్క రాసిన అంకెలు. నాలుగోది వెనక హబ్బు, అంటే చక్రం నడిమధ్య స్పోకులు కట్టే భాగం, పైనుంచి. ఐదోది పెడల్ కమ్మీ ఇరుసుకు బిగించిన చోటు. అక్కడ అడ్డంగా చిన్న పిన్ను, దానికి నట్టు కనబడితే అది కాటర్ పిన్ను. మన మేస్త్రీలకు కొట్టిన పిండి. ఆరోది అడుగున, పెడల్ గొట్టం కింద లేదా సీటు దగ్గర ఉండే నంబరు. దొంగ సైకిల్ అయితే తరచూ ఆ నంబరు గీకేసి ఉంటుంది.

కార్బన్ ఫ్రేము పాతది కొనేటట్టయితే ఫోటోలు చాలవు. లోపలి చీలిక కంటికి కనబడదు. స్వయంగా వెళ్లి చూడలేకపోతే కొనకండి.

బళ్ళారి ఆయన నాలుగో ఫోటో పంపినప్పుడు నేను బ్యాంకు లైన్లో ఉన్నాను. హబ్బు మామూలు దానికంటే లావుగా ఉంది, తుప్పు కింద అక్షరాలున్నాయి. “కొంచెం గుడ్డతో తుడిచి మళ్లీ తీస్తారా అన్నా?” అని అడిగాను. తుడిచి పంపాడు. స్టర్మీ ఆర్చర్ అని గేరు హబ్బుల కంపెనీ పేరు, ఏడబ్ల్యూ అని మోడల్ పేరు, పక్కన 58 అని రెండంకెలు.

ఆ రెండంకెలు సంవత్సరం. 1958. లోపల మూడు గేర్లు దాగి ఉన్నాయి. బయట పళ్ల చక్రాలు లేవు కాబట్టి గేర్ సైకిల్ అని ఎవరికీ అనిపించదు. ఒక్క జాగ్రత్త: అది హబ్బు తయారైన సంవత్సరమే. చక్రం తర్వాత మార్చి ఉంటే సైకిల్ వయసు వేరు కావచ్చు.

నాలుగో మెట్టు: అంకెలు

నా డబ్బు ఎక్కువ పోయింది ఇక్కడే. “ఇరవయ్యారు టైరు” అని రాసుంది కదా అని విదేశీ టైర్ల జత ఒకటి కొన్నాను. మేస్త్రీ రిమ్ము మీద పెట్టి చూసి, “ఏమప్పా, ఇది ఈ సైకిల్‌కు పుట్టింది కాదు” అన్నాడు. తప్పు నాదే. ఇరవయ్యారు అంగుళాలు అని పిలిచే టైర్లు నాలుగైదు రకాలున్నాయి, ఒకటి ఇంకోదానికి ఎక్కదు.

అంగుళాల లెక్క మరిచిపోయి, టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే రెండో లెక్క చూడండి. 40-635 అని ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోది టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం. రెండో అంకె కచ్చితంగా కలవాలి, మొదటిది కొంచెం అటూ ఇటూ అయినా నడుస్తుంది.

- 635: 28 × 1½. మన పెద్ద సైకిల్, పాల సైకిల్. పల్లెటూరి షాపులో కూడా వేలాడుతుంది.
- 622: 700సీ రేసు సైకిళ్లు, 29 అంగుళాల మౌంటెన్ సైకిళ్లు, రెండూ ఇదే.
- 590: 26 × 1⅜. పాత సన్న టైరు సైకిళ్లు.
- 584: 27.5 అంగుళాలు.
- 559: 26 × 1.95 లాంటి లావు టైర్లు.
- 406: మామూలు 20 అంగుళాలు. 451 కూడా ఇరవై అనే పిలుస్తారు, మోసపోకండి.

భిన్నంలో రాసినదీ దశాంశంలో రాసినదీ లెక్కల మాస్టారికి ఒకటే. సైకిల్ టైరుకు కాదు. 26 × 1.75 అంటే 559, 26 × 1¾ అంటే 571. ఇంటికి తెచ్చిన నా టైరు 590, రిమ్ము 559. తేడా 31 మిల్లీమీటర్లు. ఆ జత ఇప్పటికీ మిద్దె మీద ఉంది, మా అమ్మ వాటి మధ్య తులసి కుండీ పెట్టింది.

వాల్వు కూడా చూడాలి. మన సైకిళ్ల వాల్వు, మోటారు సైకిల్ వాల్వు, రేసు సైకిళ్ల సన్న వాల్వు వేర్వేరు. సన్నదాని రంధ్రం సుమారు 6 మిల్లీమీటర్లు, లావుదానిది 8. సన్న వాల్వు ట్యూబు కొంటే పాతూరు పంపు దానికి సరిపడకపోవచ్చు. చిన్న అడాప్టరు జేబులో ఉంచుకోండి, పోగొట్టుకుంటారు, రెండు కొనండి.

బళ్ళారి సైకిల్ టైరు మీద 28 × 1½ అని ఉంది. అంటే మన పాల సైకిల్ టైరే. ముందు 32 స్పోకులు, వెనక 40, అవీ మన దగ్గర దొరికే లెక్కే. ఆ క్షణంలోనే కొనాలని నిర్ణయించుకున్నాను.

ఐదో మెట్టు: డబ్బు

ఇందులో పెద్దగా చెప్పేదేం లేదు. చూడకుండా అడ్వాన్సు వేయకండి. డబ్బు మనకు రావడానికి పిన్ను కొట్టాల్సిన పని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిన పని ఎప్పుడూ ఉండదు. అలా అడిగితే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. “ఆర్మీలో పని చేస్తున్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, సైకిల్ పార్శిల్లో పంపుతాను” అనే కథ నాకు మూడుసార్లు ఎదురైంది, మూడుసార్లూ సైకిల్ ఫోటో ఒకటే.

కొన్నాక తెల్లకాగితం మీద అమ్మినాయన పేరు, తేదీ, ఫ్రేము నంబరు రాసి సంతకం తీసుకోండి. పాత సైకిల్‌కు బిల్లు ఉండదు, అదే బిల్లు.

బేరం ఆడేటప్పుడు సరుకు గొప్పదని కళ్లలో కనబడనివ్వకూడదు. నేను ఆ పరీక్షలో ఫెయిలయ్యాను. ఇనుము రేటుకు రావాల్సింది రెండు వేల ఎనిమిది వందలకు వచ్చింది. అది కొంగ అని ఆయనకు చెప్పేశాను కూడా. దాచిపెట్టి తీసుకుంటే రాత్రి మళ్లీ నిద్ర పట్టదు.

ఆరో మెట్టు: ఇంటికి తేవడం

రైల్లో మనతో పాటే బ్రేక్ వ్యానులో బుక్ చేయవచ్చు. పేరు, ఊరు రాసిన అట్టముక్క రెండు చోట్ల కట్టాలి, స్టేషనుకు గంట ముందే వెళ్లాలి. బస్సు పైన వేయడం నాకు ఇష్టం లేదు, సామాన్లు పైన పడి స్పోకులు వంగుతాయి.

నాకు మాత్రం అదృష్టం కలిసొచ్చింది. బ్యాడిగిలో మిరపకాయలు దించి బళ్ళారి మీదుగా ఖాళీగా వస్తున్న ఉరవకొండ వ్యాన్ ఒకటి దొరికింది. మిర్చి ఘాటుకు సైకిల్, నేను ఇద్దరం తుమ్ముకుంటూ వచ్చాం. మన జిల్లాలో ఇలాంటి ఖాళీ వ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. మార్కెట్ యార్డులో ఎవరినైనా అడగండి.

పార్శిల్లో పంపాలంటే ముందు చక్రం తీసి, ఫోర్కు కాళ్ల మధ్య ఒక కట్టెముక్క బిగించాలి. లేకపోతే బరువు పడి కాళ్లు దగ్గరకు నొక్కుకుపోతాయి. పెడల్స్ తీసేయాలి. కుడి పెడల్ మామూలు మర, ఎడమ పెడల్ తిరగమర. ఎడమదాన్ని మామూలుగానే విప్పబోయి ఇంకా బిగించేసినవాళ్లు నాతో కలిపి ఎందరో.

ఏడో మెట్టు: ఓవరాయిలింగ్

సైకిల్ చూసి పాతూరు మేస్త్రీ మొదట అన్న మాట, “యాడ పట్టినావప్పా దీన్ని?” రెండో మాట, “మూడు గేర్లా? యాడున్నాయి?” నేను హబ్బు చూపించాను. ఆయన చక్రం ఎత్తి చెయ్యి పెట్టి తిప్పాడు, చెవి దగ్గర పెట్టి విన్నాడు. “దీన్ని నువ్వు విప్పాకు, నేనూ విప్పను” అన్నాడు. అరవై ఏళ్లలో ఆయన చేసిన తీర్పుల్లో ఇదొకటి సరైనది. లోపల పళ్ల చక్రాల చుట్టూ పళ్ల చక్రాలు తిరుగుతాయి. హబ్బు తిరుగుతూ ఉంటే నూనె చాలు.

మిగతావన్నీ విప్పాలి. విప్పే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. కమ్మీ బ్రేకుల కడ్డీలు ఎటు నుంచి ఎటు పోతాయో మూడో రోజుకు ఎవరికీ గుర్తుండదు.

తుప్పు పట్టిన నట్లకు ముందు రోజు రాత్రే కిరసనాయిలు పోసి వదిలేయండి. పొద్దున్న కదలకపోతే మళ్లీ పోసి ఇంకో రాత్రి ఆగండి. పానా జారి నట్టు మూలలు గుండ్రంగా అయితే ఆ పని వారం వెనక్కి పోతుంది.

కాటర్ పిన్ను తీయడం అన్నిటికంటే మొండి పని. నట్టును మొత్తం విప్పకూడదు, పిన్ను చివరతో సమానంగా వచ్చేదాకా వదులు చేసి దాని మీద కొట్టాలి. కొట్టేముందు కమ్మీ కింద ఒక ఇనుప గొట్టం నేల నుంచి నిలబెట్టి ఊతమివ్వాలి. ఊతం లేకుండా కొడితే ఆ దెబ్బ లోపలి గోలీల మీద, అవి తిరిగే కప్పు మీద పడి గుంటలు చేస్తుంది. తిరిగి బిగించేటప్పుడు రెండు పిన్నులూ ఒకదానికొకటి ఎదురు దిశల్లో ఉండాలి. ఒకే వైపు పెడితే పెడల్ కమ్మీలు ఒకే వరసలో రావు, కుంటుకుంటూ తొక్కాలి. కొత్త పిన్ను సరిపోకపోతే చదును వైపు ఆకురాయితో కొద్దికొద్దిగా రాయాలి. ఇది మేస్త్రీ చేతి పని, మనం పక్కన నిలబడి చూడటం మంచిది.

పెడల్ ఇరుసు కప్పుల్లో చైను వైపు ఉండేది తిరగమర. ఇంగ్లండు పద్ధతిలో చేసిన సైకిళ్లన్నిటికీ ఇదే తీరు. పాత నాటింగ్‌హామ్ రాలీలకు ఇంకో పేచీ ఉంది. మామూలు సైకిళ్ల కప్పుకు అంగుళానికి 24 మరలుంటే వీటికి 26. కొత్త కప్పు ఎక్కదు. ఉన్న కప్పు బాగుంటే దాన్ని పెకలించకుండా అక్కడే కడిగి గ్రీజు పెట్టండి.

గోలీలు విప్పేటప్పుడు కింద తెల్లగుడ్డ పరచండి. లెక్కపెట్టి రాసుకోండి. సాధారణంగా ముందు హబ్బులో పక్కకు పది, 3/16 అంగుళం. పెడల్ ఇరుసులో పక్కకు పదకొండు, పావు అంగుళం. పాతవి మెరుస్తున్నా మార్చేయండి, ఖర్చు చాలా తక్కువ. పాతవీ కొత్తవీ కలపొద్దు. ఇరుసు మీద గోలీలను నొక్కి పట్టే కోన్‌ను బిగించేటప్పుడు చక్రం ఆడకూడదు, బిరుసుగానూ తిరగకూడదు. వాల్వు బరువుకే చక్రం దానంతటది తిరిగి కిందికి వచ్చి ఆగితే సరిగ్గా కుదిరినట్టు.

చైను అరుగుదల కొలవడానికి స్టీలు స్కేలు కావాలి, టైలర్ టేపు సాగుతుంది. పన్నెండు పూర్తి లింకులు కొత్తలో సరిగ్గా పన్నెండు అంగుళాలు. 1/16 అంగుళం పెరిగితే చైను మార్చాలి. 1/8 పెరిగిందంటే చైనుతో పాటు వెనక పళ్ల చక్రం కూడా అరిగిపోయింది. నా చైను పావు అంగుళం పెరిగి ఉంది. మేస్త్రీ దాన్ని దండలా మెడలో వేసుకుని నవ్వాడు.

ఇప్పుడు గేర్ల సంగతి. హబ్బు మీద చిన్న మూత ఉంటే అందులో పల్చటి మెషిన్ ఆయిల్ ఒక చెంచాడు పోసి, చక్రాన్ని వెనక్కీ ముందుకీ తిప్పుతూ ఒక రాత్రి ఉంచాలి. గ్రీజు కుక్కకూడదు, లోపలి చిన్న పళ్లు అతుక్కుపోతాయి. ఇరుసు కుడి చివర నుంచి సన్నటి గొలుసు బయటకు వస్తుంది, గేరు తీగ దానికే కట్టాలి. మధ్య గేరులో పెట్టి, కుడి నట్టుకున్న కిటికీలోంచి చూడండి. లోపలి కడ్డీ భుజం ఇరుసు చివరతో సమానంగా ఉండేలా తీగ బిగువు సరిచేయాలి. ఇది తప్పితే రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య ఖాళీ జాగా వస్తుంది. పెడల్ ఒక్కసారిగా ఊరికే తిరిగిపోతుంది. సీటు మీంచి లేచి తొక్కుతున్నప్పుడు అలా అయితే మోకాలు హ్యాండిల్‌కు, మొహం రోడ్డుకు. తీగ సర్దేదాకా కూర్చునే తొక్కండి.

మధ్య గేరు నేరు లెక్క. కింది గేరు దానికంటే నాలుగో వంతు తేలిక, పై గేరు మూడో వంతు బరువు. మన మిట్టలకు కింది గేరు చాలదనిపిస్తే వెనక పళ్ల చక్రాన్ని రెండు పళ్లు పెద్దది వేయించండి.

క్రోమ్ తుప్పుకు అల్యూమినియం ఫాయిల్ ముక్కను నీళ్లలో ముంచి రుద్దితే చాలు. పెయింటు మాత్రం ముట్టుకోకండి. బంగారు గీతలు చేత్తో గీసినవి, కొత్త స్ప్రే పెయింటు కొడితే ఆ సైకిల్ పెళ్లికొడుకులా ఉంటుంది, తాతలా ఉండదు.

ఎనిమిదో మెట్టు: ముళ్ళ ఏర్పాటు

ఇది ఏ విదేశీ వీడియోలోనూ మన కోసం చెప్పరు. కంపచెట్టు ముల్లు నిటారుగా దిగుతుంది. పల్లేరు కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. రోడ్డు అంచు దిగితే ఒక టైరుకు పది తీయొచ్చు.

పాత సన్న టైరు అంచులు కోసి కొత్త టైరు లోపల పట్టీలా వేయడం మన మేస్త్రీల పాత విద్య. పని చేస్తుంది, కానీ కోసిన అంచు ట్యూబును రాసి నెలకు సన్న కన్నం చేస్తుంది. ఆ అంచును ఆకురాయితో నున్నగా చేసి, పౌడరు చల్లి వేయాలి. ట్యూబులోకి పోసే సీలెంటు చిన్న ముల్లు కన్నాలను మూస్తుంది. మన ఎండలకు త్వరగా ఎండిపోతుంది కాబట్టి వేసవికి ముందు మళ్లీ పోయాలి. రెండూ కలిపి వాడుతున్నాను.

ఎండకు ట్యూబు పేలుతుందని గాలి సగమే కొట్టేవాళ్లున్నారు. లెక్క చూడండి. 25 డిగ్రీల్లో 50 పౌండ్లు కొడితే, టైరు లోపలి గాలి 45 డిగ్రీలకు వేడెక్కినా అది 55 పౌండ్లు దాటదు. పేలేది గాలి పెరిగి కాదు. పాత పంచరు దగ్గర సొల్యూషన్ మెత్తబడుతుంది, లేదా టైరు అంచు రిమ్ములోంచి జారుతుంది. సగం గాలితో తొక్కితే రాయి తగిలి ట్యూబు రిమ్ముకు నొక్కుకుని రెండు కన్నాలు పడతాయి, పాము కాటులా.

మొదటి సవారీ

దూరం వద్దు. టవర్ క్లాక్ నుంచి బుక్కరాయసముద్రం చెరువు కట్ట దాకా వెళ్లి రండి. పొద్దున్న ఆరుకు బయలుదేరాలి, ట్రాఫిక్ లేనప్పుడు బ్రేకులు తెలుస్తాయి. కమ్మీ బ్రేకు, క్రోమ్ రిమ్ము కలిస్తే ఎండలో ఫర్వాలేదు, తడిస్తే ఆగదు. వానలో సగం వేగమే.

ఒక పానా, చిన్న సుత్తి వెంట ఉంచుకోండి. మొదటి ఐదారు కిలోమీటర్లకే కాటర్ పిన్నులు వదులవుతాయి. ఎడమ పెడల్ తొక్కినప్పుడల్లా టిక్ అని వినబడితే దిగి పిన్ను తల మీద రెండు దెబ్బలు వేసి, నట్టు బిగించి కదలాలి. వదులుగానే తొక్కితే పిన్ను చదును నలిగి కమ్మీ రంధ్రం కూడా పాడవుతుంది. యాభై కిలోమీటర్లు తిరిగాక మేస్త్రీ దగ్గర చక్రాలకు మళ్లీ బెండు తీయించాలి, కొత్తగా బిగించిన స్పోకులు కుదురుకుంటాయి.

కట్ట మీద టీ బంకు దగ్గర ఆపితే ఒక పెద్దాయన వచ్చి సైకిల్ చుట్టూ తిరిగాడు. చైన్ చక్రం దగ్గర వంగి చూసి, “ఏందప్పా ఇది, బాతులా?” అన్నాడు.